మేడంతా బీగాలే

మొన్న ఆఫీసులో ఎవరో మస్కట్ నుంచి తెచ్చిన హల్వా డబ్బా మూత తీశారు. నెయ్యి, యాలకులు, కుంకుమపువ్వు, పన్నీటి ఘుమఘుమ కలిసి ముక్కుకు తగిలేసరికి, ఆ ఊళ్లోనే దార్సైట్ పేటలో మేం అద్దెకున్న పాత మేడ, దాని ఇరుకు మెట్లు, తలుపు తలుపుకీ ఒక్కో వంట వాసనా గుర్తొచ్చాయి. "ఇంటికి తీసుకుపోండి మేడమ్" అని పొట్లం కట్టబోతే వద్దన్నాను. మా ఇంటికి హల్వా రాదు.

నాన్న అక్కడొక కంపెనీలో గుమాస్తా. తమ్ముడు శీను అక్కడే పుట్టాడు, చేతుల్లోకి తీసుకుంటే తడిగుడ్డలా వాలిపోయేవాడు, పాలు చీకడానికి ఓపిక లేదు, ఏడుపు పిల్లికూన అరుపంత. అమ్మ దూదితో పాలు పిండి బతికించింది. నాలుగో ఏడు దాటాక వాడు తిండి మీద పడితే, తినని బిడ్డ తింటున్నాడని మురిసి దిష్టి కూడా తీసింది. ఆ మురిపెం ఎన్నాళ్లో లేదు. పచ్చి బియ్యం, ఫ్రిజ్‌లో గడ్డకట్టిన కోడి, చెత్తబుట్టలో పారేసిన ఖర్జూరాలు, ఏది దొరికితే అది తినేవాడు. చేతులూ పాదాలూ చిట్టివి, ఒళ్లు మాత్రం ఉబ్బిపోయి, పడుకుంటే ఊపిరాడేది కాదు. మానుతున్న పుండును గిల్లి మళ్లీ రేపుకునేవాడు. అడిగిందే అడిగేవాడు, స్కూలు బస్సు వేరే దారిన పోయిందంటే ఇల్లు పీకి పందిరేసేవాడు. అట్టముక్కలు కలిపి బొమ్మ చేసే ఆటలో మాత్రం ఆ మేడలో వాడిని కొట్టేవాళ్లు లేరు, ముక్కల్ని బోర్లా తిప్పి ఇచ్చినా పేర్చేసేవాడు.

ఇట్లా తింటే బిడ్డ దక్కడని అమ్మకు భయం పట్టుకుంది. వంటింటికి బీగం వేసి, తాళంచెవి పసుపుతాడుకు కట్టుకుంది.

రంజాన్ నెలలో సాయంత్రమైతే ఆ మేడ మెట్ల మీద పళ్లేలు నడిచేవి. ఎదురింటి ప్రొద్దుటూరు ఫాతిమా ఖాలా సమోసాలు పంపితే, అమ్మ ఆ పళ్లెంలో పులిహోర పెట్టి తిప్పి పంపేది. ఖాళీ పళ్లెం పంపడం తప్పు. బీగం పడ్డాక అమ్మ పళ్లేలు వద్దనేసింది. ఖాలాకు మండిపోయింది.

"ఏం తల్లివే నువ్వు? బిడ్డ కూటికి ఏడుచ్చాంటే బీగం ఏచ్చావా?"

అమ్మ ఎంత చెప్పినా ఆమె నమ్మలేదు. ఆకలన్న బిడ్డకు పెట్టకపోతే ఉపవాసం ఎందుకని, ఒక సాయంత్రం వాడిని పిలిచి కడుపారా పెట్టి, నమాజుకు లేచింది. తిరిగొచ్చేసరికి చుట్టాల కోసం గోధుమలు, మాంసం కలిపి వండిన హరీసు గిన్నె, హల్వా డబ్బా రెండూ ఖాళీ. శీను కడుపు డప్పులా బిగిసిపోయింది, ఎంత తిన్నా వాడికి వాంతి రాదు. ఆసుపత్రి వరండాలో ఖాలా చెప్పుల్లేకుండా నిలబడి, "యా అల్లా, నా చేతుల్తోనే పెడితినే" అని గుండెలు బాదుకుంది.

వాడు బతికాడు. డాక్టరు నోరు తిరగని పేరేదో చెప్పి, "ఇది పుట్టుకతో వచ్చింది, ఏ పదిహేను ఇరవై వేల మందిలోనో ఒకరికి వస్తుంది. కడుపు నిండిన కబురు వీడి మెదడుకు అందదు. వీడిని చంపేది ఆకలి కాదమ్మా, అన్నమే" అన్నాడు.

పండగనాడు ఖాలా నుంచి గుడ్డ కప్పిన పళ్లెం వచ్చింది. అమ్మ భయంభయంగా తీసి చూస్తే, పడవ బొమ్మ అట్టముక్కల పెట్టె. అమ్మ ఆ పళ్లెంలో మల్లెపూలు పెట్టి, తనే పట్టుకెళ్లింది. ఖాలా వంటింటికి కొత్త బీగం వేలాడుతోంది. వారం తిరక్కుండా పైనున్న మలయాళీలూ, కిందున్న పంజాబీలూ కూడా బీగాలు కొన్నారు.

ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటున్నాం. అమ్మ పోయింది. తాళంచెవి నా గొలుసుకుంది. శీనుకు తల నెరుస్తోంది. మొన్న సాయంత్రం నేను గడప దాటగానే కొంగు పట్టుకుని వాసన చూశాడు.

"అక్కా, హల్వా తిన్యావా?"

"తిన్లేదురా."

నిజంగానే తినలేదు. ఈ అపార్ట్‌మెంట్‌లో ఎన్నిసార్లు బతిమాలినా లిఫ్టులో వాడి చేతిలో ఎవరో ఒకరు చాక్లెట్ పెడతారు, "పాపం, ఒక్కటేగా" అంటారు. నాకు ఒళ్లు మండుతుంది. ఆ మేడలో వాడి కోసం ప్రతి వంటింటికీ బీగం ఉండేది. ఇక్కడ మా ఒక్క వంటింటికే.