ముందు నిలబడేవాడు

ఇంట్లో మరణం జరిగితే ఏడాది తిరిగేదాకా మేము పెళ్ళిళ్ళకు పోము. ఎవరూ పిలవరు కూడా. పిలిస్తే మమ్మల్ని ఇబ్బంది పెట్టినట్టు అవుతుందని వాళ్ళ మర్యాద. నా భార్య పోయిన ఐదో నెలలో మా పెద్దనాయన మనవరాలి పెళ్ళి వచ్చింది. వీధిలో వాళ్ళంతా పొద్దున్నే మండపానికి పోయినారు. నేను కంప్యూటరు ముందర కూర్చున్నాను. ఆమె పోయినాక అదే మొదటిసారి.

ఆమె నా మేనమామ కూతురు. పెళ్ళయి ఇరవై ఏండ్లయినా నన్ను బావా అనే పిలిచేది. ఎనిమిదేండ్లు ఆ ఆట ఇద్దరమూ కలిసి ఆడినాము. హాల్లో రెండు బల్లలు వేసుకొని, వీపుకు వీపు పెట్టి కూర్చునేవాళ్ళం. ఆట తెలియనివాళ్ళకు ఇంత చెబితే చాలు: ఐదుగురు కలిసి ఒక గుహలోకి పోవాలి. గదిగదికీ శత్రువులు ఉంటారు. ట్యాంక్ ముందుకు పోయి దెబ్బలన్నీ తన మీద వేసుకుంటాడు. హీలర్ వెనక నిలబడి అతని ప్రాణం నిలుపుతుంది. మిగిలిన ముగ్గురూ శత్రువులను కొడతారు. నేను ట్యాంక్, ఆమె హీలర్.

ఆ ముగ్గురినీ నేను నేరుగా ఎప్పుడూ చూడలేదు. మదురైలో ఉండే ఒకామె గుంపుకు పెద్ద. ఎవరు ఉండాలో ఎవరిని మార్చాలో ఆమె చెప్పేది. అందరమూ తమిళనాడు వాళ్ళమే కాబట్టి మాటలన్నీ మైకులో, తమిళంలో. ఆమె నన్ను తరచుగా మెచ్చుకునేది. "ఎప్పుడు పోవాలో ఎప్పుడు ఆగాలో అణ్ణన్‌కు తెలుసు. మనం వెనకాల పోతే చాలు" అనేది. నేనూ అదే నమ్మినాను.

ఆ రోజు కొత్త హీలర్ వచ్చినాడు. సేత్తూరులో పంపుసెట్లు బాగుచేసే మనిషి, నలభై దాటినవాడు, మాలాగే ఇంట్లో తెలుగు మాట్లాడేవాడు. మొదటి గది సులభంగా అయింది. రెండో గదిలో నేను చచ్చినాను, నా వెనకాలే అందరూ చచ్చినారు. ఆటలో చచ్చినవాళ్ళు గుహ వాకిట్లో మళ్ళీ లేస్తారు. లేచి మళ్ళీ పోయినాము, మళ్ళీ చచ్చినాము. మూడోసారీ అంతే.

"సారీ, నేను లేట్ చేస్తా ఉన్నాను" అన్నాడు సేత్తూరాయన, ప్రతిసారీ.

మదురై ఆమె నాకు మాత్రం కనపడేటట్టు రాసింది: ఈయన మీ ఆటకు సరిపోడు అణ్ణా, మార్చేద్దామా? మీరు సరే అంటే చాలు.

జవాబు రాయబోయి, జరిగింది ఒకసారి వెనక్కి చూసుకున్నాను. హీలర్ మందు వేసేకొద్దీ అతని శక్తి తగ్గుతుంది. అది తెర మీద నీలం గీతలాగా కనపడుతుంది. కాసేపు కూర్చుని నీళ్ళు తాగితే గీత నిండుతుంది. ఆ మూడుసార్లూ ఆయన నీళ్ళు తాగుతా ఉండగానే నేను తరువాతి గదిలోకి పరుగెత్తినాను. ఆయన సగంలో లేచి నా వెనకాల వచ్చినాడు.

ఎనిమిదేండ్లలో నేను ఆ నీలం గీత చూడలేదు. చూసే అవసరం పడలేదు. వెనక నుంచి వినపడేది. "ఆగు బావా, ఇంకా కాలేదు." "ఇప్పుడు పో." ఒక్కోసారి, "ఏం బావా, పెళ్ళి భోజనానికి మొదటి బంతిలోనే కూర్చోవాల్నా?"

సరే అని రాస్తే ఆయన పోతాడు, నా పేరు నిలుస్తుంది. నిజం చెబితే నన్నే మార్చవచ్చు. ఆ నెలల్లో నేను పోదగిన చోటు ఇంకొకటి లేదు.

"ఈయన తప్పేమీ లేదు" అన్నాను, అందరికీ వినపడేటట్టు. "నేనే చూడకుండా పోతా ఉన్నాను. నేను ఎప్పుడూ చూడలేదు. నా భార్య చెప్పేది, నేను పోయేవాణ్ణి. మీరు మెచ్చుకున్నది ఆమెను."



"మాకు ఒక్కనాడూ వినపడలేదే అణ్ణా" అన్నది మదురై ఆమె.

"మెల్లగా చెప్పేది."

సేత్తూరాయన తెలుగులోకి దిగినాడు. "ఇకమీద నేను చెబుతాలేన్నా. అంత మెల్లగా మాత్రం నాకు రాదు. మోటర్ల పక్కన అరిచి అరిచి ఇదే గొంతు అయిపోయింది."

"తెలుగులో ఏం మాట్లాడుకుంటా ఉన్నారు? నన్ను తిడుతున్నారా?" అన్నది మదురై ఆమె. ఎవరో నవ్వినారు. ఆమె మళ్ళీ అన్నది, "సరే, హీలర్ చెప్పినాకే ట్యాంక్ కదలాలి. పదండి."

రెండో గది దాటినాము. మూడో గది వాకిట్లో ఆయన "ఆగన్నా" అని అరిచినాడు. హెడ్‌ఫోను కొంచెం పక్కకు జరుపుకొని ఆగినాను. మొదటిసారి ఆ గీతను చూసినాను. చాలా మెల్లగా నిండుతుంది. ఎనిమిదేండ్లూ ప్రతి గది ముందరా ఇంతసేపు నా భార్య నన్ను పట్టి నిలిపింది. తాను నీళ్ళు తాగాలి, నన్ను ఆపాలి, మళ్ళీ నేను చిన్నబుచ్చుకోకుండా ఏదో ఒకటి అనాలి. ఒక్కసారి తిరిగి చూసి ఉంటే ఆమె చెప్పకముందే ఆగి ఉందును. అది కష్టమైన పని కాదు.

"చాలన్నా, ఇప్పుడు పోవచ్చు" అన్నాడు సేత్తూరాయన.

గీత ఇంకా పూర్తిగా నిండలేదు.

"నిండనీ" అని చెప్పి అక్కడే నిలబడినాను.