లోపలివైపు గరుకు

ఎల్బీనగర్ వెనక సందులోని వర్క్‌షాప్‌లో జితేందర్ లేజర్ మిషన్ నడుపుతాడు. పిండిలాంటి లోహపు పొడిని పొర మీద పొర పరిచి, లేజర్‌తో కరిగించి, కట్టుడు పళ్లకు చట్రాలు చేస్తారక్కడ. ఆ పనిలో అతనికి మంచి పేరుంది.

ఆ నెల ఆర్డర్లు మీదపడ్డాయి. జితేందర్ పొర మందం పెంచాడు, లేజర్ వేగమూ పెంచాడు. సాయంత్రం దాకా పట్టే పని మధ్యాహ్నానికే అయిపోయింది. ఓనర్ భుజం తట్టాడు. చట్రాలు మాత్రం గరుకుగా దిగాయి. పొడి పూర్తిగా కరగక సన్నని రవ్వలు అంటుకుపోయాయి. పైవైపువి పాలిష్‌లో పోయాయి. చిగురుకు ఆనే లోపలివైపు మరీ అరగదీస్తే చట్రం వదులైపోతుంది. అందుకని పైపైన రుద్ది పంపేశాడు.

కొన్నాళ్లకు దిల్‌సుఖ్‌నగర్ నుంచి పళ్ల డాక్టరమ్మ ఫోన్ చేసింది. పేషెంటుకు గుచ్చుకుంటోందట.

"కొత్తది గదా మేడం, అలవాటైతది," అన్నాడు.

మళ్లీ ఫోన్ వచ్చింది. ఈసారి స్వయంగా రమ్మంది. వెళ్లేసరికి కుర్చీలో శేషారత్నం ఉంది. హాస్టల్ పిల్లలకు కూరలమ్మే కర్రీ పాయింట్ ఆమెది. డాక్టరమ్మ లైటు వేసి చూపించింది. చిగురు పుండైపోయి ఉంది.

"అలవాటవుతుందన్నావటగా బాబూ, అందుకే ఓర్చుకున్నాను," అంది శేషారత్నం. "పులుసు నోట్లో పెడితే ప్రాణం పోతోంది. రుచి చూడకుండానే వండుతున్నా. ఉప్పెక్కువైందని పిల్లలు గొడవ. నీ తప్పేం లేదులే, నా నోరే సున్నితం."

ఆమె నాలుగు తిట్లు తిట్టినా బాగుండేదనిపించింది జితేందర్‌కు. చట్రం తీసుకుని లోపల వేలితో తడిమాడు. ఆకురాయిలా గీరుకుంది.

"మీ నోరు కాదమ్మా, తప్పు నాది. జల్ది కావాలని మిషన్ ఉరికించిన. గరుకున్నదని ఎరుకుండే పంపిన."

శేషారత్నం చెంపకు చెయ్యి ఆనించుకుని అతన్నే చూసింది. జితేందర్ తలెత్తలేకపోయాడు.

ఓనర్‌కు చెబితే మొహం మాడ్చుకున్నాడు. అయినా వేగం తగ్గించి, పొర పలచన చేసి, జితేందర్ చట్రం మళ్లీ చేశాడు. ఆ నెల చట్రాలు తీసుకున్న డాక్టర్లందరికీ తనే ఫోన్ చేసి వెనక్కి పంపమన్నాడు. ఎందుకని అడిగిన ప్రతిసారీ తన తప్పేనని చెప్పాడు.

కొత్త చట్రం హాయిగా అమరిందట. ఓసారి భోజనానికి రమ్మని శేషారత్నం కబురు పెట్టింది. వస్తానన్నాడు గానీ పోలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో పనిపడితే ఇప్పటికీ ఆమె కర్రీ పాయింట్ ఉన్న సందు తప్పించి చుట్టూ తిరిగి పోతాడు.