చౌరస్తాలో పెట్టిన క్యాసెట్

మొన్న పొద్దున మా జహీరాబాద్ యువజన సంఘం కుర్రాళ్లు ఫోనుకు ఒక వీడియో పంపారు. ఎవరో నాయకుడు సభలో ఆడవాళ్ల గురించి నోరు జారాడట, దాన్ని ఖండిస్తున్నామంటూ ఆ జారిన మాటనే నాలుగుసార్లు వరసగా వినిపించారు; సాయంత్రానికల్లా ఆ నాయకుడు అది తన గొంతే కాదని ఇంకో వీడియో వదిలాడు. నాకు ఇద్దరి మీదా అనుమానమే. ఎవరైనా ఊరికే చాయ్ తాగిస్తే ఎందుకు తాగిస్తున్నాడా అని రెండు రోజులు ఆలోచించే మనిషిని నేను. ఆ గుణం వల్ల ఒకప్పుడు ఎంత పాపం మూటగట్టుకున్నానో మన ఈడు వాళ్లకు చెప్పుకోవాలనిపించింది.

అవి క్యాసెట్ల రోజులు. మాకూ ఒక యువజన సంఘం ఉండేది, నేను దానికి కార్యదర్శిని. ఒక నాయకుడు కోహీర్ సభలో, కర్ణాటక పల్లెల నుంచి మా వైపు కోడళ్లుగా వచ్చిన ఆడవాళ్ల నడత మీద అనరాని మాట అన్నాడు, మర్నాడు అననే లేదన్నాడు. మా దిక్కున ఇంటికొక కోడలు అటునుంచి వచ్చినదే. మా అమ్మ కూడా బీదర్ వైపు ఆడపడుచే. ఆ సభకు మైకుసెట్టు పెట్టింది నా చిన్ననాటి స్నేహితుడు. ప్రతి సభనూ తన టేపురికార్డర్‌లో ఎక్కించుకోవడం వాడికి అలవాటు, ఆ క్యాసెట్టు తెచ్చి సంఘం చేతిలో పెట్టాడు. చౌరస్తాలో మైకు పెట్టి ఊరందరికీ వినిపిస్తే క్షమాపణ చెప్పక ఎక్కడికి పోతాడని అందరం తీర్మానించుకున్నాం.

నాయకుడి మనుషులు వాడి మైకుసెట్టు దుకాణం మీద పడతారన్న భయంతో టేపురికార్డర్, క్యాసెట్టు రెండు రోజులు మా ఇంట్లో దాచాం. సంఘం వాళ్లం పదిమందిమి వసారాలో కూర్చుని ఆ మాటను మళ్లీ మళ్లీ వేసుకుని విని పళ్లు కొరికాం. లోపల అమ్మ వింటోందని తెలుసు. సరే, మెచ్చుకుంటోందిలే అనుకున్నాను. చౌరస్తా సభకు ముందు రోజు సాయంత్రం స్నేహితుడు వచ్చి రెండూ తీసుకుపోయాడు.

చౌరస్తాలో జనం కిక్కిరిశారు. క్యాసెట్టు తిరిగింది, నాయకుడి గొంతు నమస్కారాలు పెట్టింది, చెరుకు రైతుల గురించి మాట్లాడింది, సరిగ్గా ఆ మాట రావలసిన చోట ఠక్కున ఆగి టపటపమని ఏదో చప్పుడు మొదలైంది. అటు తిప్పినా ఇటు తిప్పినా అదే. జనం నవ్వారు, నాయకుడి మనుషులు ఇంకా ఎక్కువ నవ్వారు, మా క్షమాపణ డిమాండు ఆ నవ్వుల్లో కొట్టుకుపోయింది. నా స్నేహితుడు ఒక్క క్షణం ఆ చప్పుడు విని తల దించుకున్నాడు. గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని అందరికంటే ముందు అన్నది నేనే. అన్ని పార్టీల సభలకూ వాడి మైకే, పైగా పొద్దున నాయకుడి మనిషి వాడి దుకాణంలో కనిపించాడని ఎవరో అన్నారు, ఇంకేం కావాలి నాకు? అక్కడికక్కడే వాడిని సంఘం నుంచి తీసేశాం, ఏ పెళ్లికీ పేరంటానికీ వాడి మైకు పిలవొద్దని ఊరికి చెప్పాం. వాడు ఒక్క మాట అనకుండా తీగలు చుట్టుకుని పోయాడు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే వంటింట్లో అమ్మ జొన్నరొట్టెలు కొడుతోంది. టపటప, మధ్యలో గాజుల గలగల. చౌరస్తాలో విన్న చప్పుడు అదే, తడికాళ్లతోనే వంటింటి గుమ్మంలోకి పోయాను. పెళ్లిపాటలు ఎక్కించుకునేటప్పుడు టేపురికార్డర్ మీటలు ఎలా నొక్కాలో మా ఇంటి ఆడవాళ్లందరూ నేర్చుకున్నారు. ఆ మాట మీద రొట్టెల చప్పుడు ఎక్కించింది నువ్వేనా అని అడిగితే అమ్మ రొట్టె మీద నుంచి చూపు తిప్పకుండానే జవాబు చెప్పింది. "గా మాట ఒక్కపారి విన్నది సాలదా? బజార్ల మైకు వెట్టి మల్ల ఊరంత వినిపిస్తరా? సిగ్గు మాకు రాదురా?"

ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. అయినా పొద్దున్నే పోయి స్నేహితుడి కాళ్ల మీద పడవలసిన నేను పోలేదు. చెబితే అమ్మ పేరు బజారున పడుతుందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను, నిజానికి నా కార్యదర్శి పదవి పోతుందన్న భయం కూడా ఉంది. రెండు పెళ్లిళ్ల కాలాలు ఖాళీగా కూర్చుని వాడు మైకుసెట్టు అమ్ముకుని న్యాల్‌కల్ వైపు వ్యవసాయానికి వెళ్లిపోయాడు. వాడే క్యాసెట్టు చెరిపాడని ఊరు ఇప్పటికీ నమ్ముతోంది.

పోయిన నెల మొగుడంపల్లిలో ఒక పెళ్లిలో ఎదురుపడ్డాడు. తల మొత్తం నెరిసింది. పక్కకు తీసుకుపోయి అంతా చెప్పేశాను, చెబుతుంటే కన్నీళ్లు ఆగలేదు. వాడు నా భుజం తట్టాడు.

"నాకు గా దినమే తెల్సురా. అమ్మ చేతి రొట్టె నేనెన్నిసార్లు తినలే, గా చప్పుడు గుర్తువట్టనా? అమ్మ పేరు బజార్ల ఎట్ల వెడుత? నువ్వే వచ్చి చెప్తవని శానొద్దులు చూసిన."

అమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఇవాళ ఎవరు ఏ మాట అన్నా పట్టి పెట్టుకునేవాళ్లు ఊరి నిండా ఉన్నారు. ఇంకొకరి పరువు కోసం నింద మోసి నోరు విప్పని మనిషిని మాత్రం నేను ఒక్కడినే చూశాను. వాడినే పదిమందిలో దొంగని వేలెత్తి చూపించాను.