యారాడ ఎదుట లేచిన మబ్బు

ఎనభైల మొదట్లో నేను విశాఖలో తుపాను రాడారు దగ్గర పనిచేసేవాణ్ణి. చీకటిగదిలో గుండ్రటి తెర ముందు కూర్చుని, మెరిసే మబ్బుల్ని కాగితం మీద గీసుకోవడం నా పని. వాన ఎక్కడుందో, ఎంత గట్టిదో ఆ రాడారు చెప్పేది. మబ్బు లోపల గాలి పైకి లేస్తోందా, సుడి తిరుగుతోందా అన్నది దానికి తెలీదు.

సముద్రపు ఒడ్డునున్న యారాడ పల్లె నుంచి ఒకామె మా క్వార్టర్స్‌కి చేపలు తెచ్చేది. గంప దించుతూనే అడిగేది. "ఏటి బాబూ, మీ మిషన్ల ఏటి కనిపిస్తంది? మా మావ ఏటకెల్లొచ్చా?" మావంటే ఆమె భర్త, తెప్పమీద చేపల వేటకి వెళ్ళేవాడు.

ఎండాకాలం చివర్లో ఒక పొద్దున కూడా అడిగింది.

"తుపానేం లేదమ్మా. సాయంత్రం ఉరుముల వాన పడొచ్చు," అన్నాను.

"వానకి బయపడితే ఎలాగ బాబూ," అని నవ్వి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం యారాడకి ఎదురుగా సముద్రం మీద చిన్న మబ్బొకటి తెరమీద తేలింది. ఎత్తు చూద్దామని యాంటెనా పైకి తిప్పాను. ఎంత తిప్పినా దాని కొస దొరకలేదు. అంత ఎత్తు మబ్బుని అంతకుముందు చూళ్ళేదు. పై ఆఫీసరుకి ఫోన్ చేశాను.

"తుపాను కాదుగా? ఉరుముల వానని రాసెయ్," అన్నాడు.

రాసేశాను. తర్వాత టీ తాగాను.

మబ్బులోంచి ఏనుగు తొండంలా ఒకటి నీళ్ళమీదకి దిగిందని ఒడ్డున ఉన్నవాళ్ళు తర్వాత చెప్పారు. మిగతా తెప్పలు వెనక్కొచ్చాయి. ఆమె భర్తది రాలేదు. రెండోనాడు కట్లు తెగి విడిపోయిన తెప్ప దుంగలు కొట్టుకొచ్చాయి, మనిషి దొరకలేదు.

కొన్నాళ్ళకి ఆమె వచ్చింది. గంప లేదు. గుమ్మం బయటే నిలబడింది.

"బాబూ, మీ మిషన్ల అది కనిపించలేదేటి?"

లేదు అనేస్తే సరిపోయేది. నోరు రాలేదు.

"కనిపించిందమ్మా. సుడిగాలని తెలీలేదు."

"కనిపించిందా?" నా మొహంలోకి చూసింది. "మరి సెప్పలేదేటి?"

"ఎవరికి చెప్పాలో కూడా తెలీలేదమ్మా."

నా భార్య మంచినీళ్ళు తెచ్చిచ్చింది. ఆమె తాగలేదు. ఆ తర్వాత జాలరిపేటలో చుట్టాల దగ్గర ఉంటోందని విన్నాను. చూసొద్దామని రెండుసార్లు బయల్దేరి, సగం దారిలో తిరిగొచ్చాను.

రిటైరయ్యాక ఎప్పుడో కొత్తరకం రాడారు చూసే అవకాశం దొరికింది. అది తరంగాల్ని అడ్డంగానూ నిలువుగానూ పంపి, రెంటినీ పోల్చి చినుకు ఆకారం చెప్పేస్తుంది. మంచు కట్టాల్సిన ఎత్తులో కూడా పెద్ద చినుకులుంటే, కింది గాలి వాటిని పైకి మోసుకుపోతోందని అర్థం. ఆ చినుకులు తెరమీద స్తంభంలా కనిపిస్తాయి. సుడిగాలి నేలమీద ఎగరేసిన చెత్తని కూడా పోల్చుకుంటుందట.

"ఇది కనబడ్డాక తెప్పమీద ఉన్న మనిషికి ఎంత టైముంటుందమ్మా?" అని చూపిస్తున్న అమ్మాయిని అడిగాను.

"కొద్ది నిమిషాలే అండీ."

ఆ రోజు మబ్బు లేచినంత దూరం నుంచి తెడ్డేసుకుంటూ ఒడ్డు చేరాలంటే గంట పడుతుంది. మెట్లు దిగుతూ ఆ లెక్కే వేసుకున్నాను. మనసేమైనా తేలికపడుతుందేమో అనుకున్నాను. పడలేదు.