మా ఊరి గాలి కాస్త ఆలస్యంగా వస్తుంది

ఎవారిస్తోకు ఒకే ఒక్క జబ్బు. ఏదైనా సరే, పక్కన రెండోది పెట్టి చూడందే నమ్మడు. సూప్ వడ్డిస్తే పక్కవాడి గిన్నెలోంచి కూడా ఒక చెంచా రుచి చూసి, "తేడా లేదు, తినొచ్చు" అంటాడు. రెండూ ఒకే కుండలోవి కదయ్యా అంటే, "ఉండొచ్చు" అంటాడు. టైమెంతని అడిగితే రెండు చేతులకూ ఉన్న రెండు వాచీలూ చూసుకుని చెప్పేసరికి ఆ టైము కాస్తా దాటిపోతుంది.

అతన్ని అని లాభం లేదు, ఉద్యోగమే అలాంటిది. కొండమీద మా అబ్జర్వేటరీలో రెండు స్తంభాలకు రెండు గాలిమీటర్లున్నాయి. అవి క్షణక్షణం పంపే అంకెల్ని పోల్చి చూసే ప్రోగ్రాం రాసింది అతనే. గాలి ఎక్కువైందని రెండూ చెబితే టెలిస్కోపు గుమ్మటం మూసేస్తారు. ఒక్కటే చెబితే మీటరు చెడినట్టు. కొండ కింద వంటశాల నాది.

చిక్కేమిటంటే, ఒక మీటరు అంకె ఎప్పుడూ కాస్త వెనకబడి వస్తుందట. "ఇప్పటి గాలిని ఇందాకటి గాలితో పోల్చకూడదు, దోన్యా ఎర్మిండా. ముందొచ్చింది వెనకొచ్చేదాని కోసం ఆగాలి" అంటాడు, నా పేరుకు ముందు మర్యాదగా 'దోన్యా' చేర్చి. ఆ నియమం నా భోజనాల బల్లకూ తగిలించాడు. ఎదుటివాడి పళ్ళెం వచ్చేదాకా తనది ముట్టడు.

"తిను నాయనా, చల్లారితే కొవ్వు పేరుకుంటుంది."

"ఎదుటిది రానివ్వండి."

"ఎదురుగా ఎవరూ లేరు."

"రావచ్చు."

మా ఊరు దేశానికి దక్షిణాన చిట్టచివర, జలసంధి ఒడ్డునున్న పోర్వెనీర్. అక్కడ తలుపు తెరవాలంటే రెండు చేతులూ కావాలి. ఆరేసిన దుప్పటి పొరుగింట్లో దొరుకుతుంది. ఆ హోరులో పెరిగినదానికి ఈ ఎడారి నిశ్శబ్దంలో నిద్రెలా పడుతుంది? గాలి కోసం బెంగేమిటని నవ్వుతారు గానీ, నాది అచ్చంగా బెంగే. రోజూ వడ్డిస్తూ అదే చెప్పుకునేదాన్ని. అందరూ తలూపేవారు. ఎవారిస్తో మాత్రం "ఏ దిక్కు నుంచి వీస్తుంది?" అని అడిగాడు. నా బాధ నాదైతే ఇతనికి దిక్కులు కావాల్సొచ్చాయా అని ఒళ్ళు మండింది.

అప్పట్నుంచి కొత్త పిచ్చి మొదలైంది. గుమ్మటం మూసిన రోజున శాస్త్రవేత్తలు మొహాలు వేలాడేసుకుని కొండ దిగుతారు. ఇతను మాత్రం సంబరంగా వంటశాలకు పరుగెత్తుకొస్తాడు.

"కాసేపు గోడ మలుపు దగ్గర నిలబడి రండి, దోన్యా ఎర్మిండా."

"నూనె కాగుతోందయ్యా."

"దించేయండి. ఎక్కువసేపు ఉండదు."

తిట్టుకుంటూ వెళ్ళేదాన్ని. రేగిన జుట్టుతో, కళ్ళనిండా దుమ్ముతో, ఎందుకో మనసు తేలికపడి తిరిగొచ్చేదాన్ని. ఒక్కోరోజు అంతకన్నా పెద్దగాలి వీచినా పిలిచేవాడు కాదు. అడిగితే "ఇవాళ కుదరలేదు" అనేవాడు, గాలి తన చుట్టమైనట్టు.

అయినా బెంగ తీరలేదు. నెలాఖరుకు మానేసి ఇంటికి పోతానని మేనేజరుతో చెప్పేశాను. ఆ సాయంత్రం మాంసం కూరిన ఎంపనాడాలు పట్టుకుని కొండమీద అతని గదికి వెళితే, ఎవారిస్తో ముందున్న స్క్రీన్ మీద రెండు గీతలు కదులుతున్నాయి. ఒకటి అడుగున పాకుతోంది, ఒకటి పైన ఎగిరెగిరి పడుతోంది.

"ఆ పైది ఏ స్తంభానిది?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. "మనది కాదు. పోర్వెనీర్‌ది. అక్కడి వాతావరణ కేంద్రం పంపుతుంది. రెండూ కలిసినప్పుడే మిమ్మల్ని పిలుస్తున్నాను. ఆ గోడ మలుపులో గాలి మీ ఊళ్ళో వీచే దిక్కు నుంచే తగులుతుంది. రోజూ పిలవాలనే ఉంటుంది, మన గాలే అంత ఎత్తుకు లేవదు."

పళ్ళెం బల్లమీద పెట్టి స్క్రీన్ దగ్గరికి జరిగాను. ఆ ఎగిరిపడే గీత మా ఇంటి తలుపు కొడుతూ ఉంటుంది, ఇప్పుడే, ఈ క్షణానే. ఇంటికి పోవాలన్న కోరిక తగ్గలేదు సరికదా, రెట్టింపయింది. కానీ ఇన్నాళ్ళూ నా బెంగను నాతోపాటు ఇంకొకరు కనిపెట్టుకుని కూర్చున్నారు. మానేసే సంగతి వచ్చే నెల చూద్దామని మేనేజరుకు చెప్పాలి.

అడుగు గీత మెల్లగా లేవసాగింది. గాలిలో నిలబడదామని నేను తలుపు వైపు నడిచాను.

"ఆగండి. మీ ఊరిది కాస్త ఆలస్యంగా వస్తుంది" అన్నాడు.

బల్లమీద ఎంపనాడాలు చల్లారిపోతున్నాయి. అతను ముట్టలేదు. ఈసారి తినమని పోరలేదు. ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని నేనూ ఒకటి తీసుకున్నాను. అప్పుడు తినడం మొదలుపెట్టాడు. మా ఊరి గాలి ఇంకా దారిలో ఉంది.