మిస్ జెల్లా కొన్న ట్వంటీటూ

జెల్లా ప్రిట్ తుపాకీ కోసం మా కొట్టుకి వచ్చిన పొద్దున నేను మేకులు తూస్తున్నాను. మా లోయలో నా ఈడువాళ్ళందరం ఆవిడ చేతి తిండి తిని పెరిగినవాళ్ళమే. బడి వంటగదిలో బీన్సు, మొక్కజొన్న రొట్టె వండి వడ్డించేది. పళ్ళెంలో ఏమన్నా వదిలేస్తే తిట్టేది కాదు, పక్కన నిలబడి మనం తినేదాకా చూసేది. అప్పుడు మిస్ జెల్లా అనేవాళ్ళం. మా జుట్టు నెరిసినా ఇప్పటికీ అలాగే అంటాం.

"లోవెల్, టార్గెట్ కొట్టుకోడానికి చవకలో ఒక తుపాకీ చూపించు నాయనా" అంది, పిండి బస్తా అడిగినంత మామూలుగా.

ఆవిడకి అరవై దాటాయి. భర్త హోబర్ట్ గనిలో పనిచేసి, ఊపిరితిత్తులు పాడై చనిపోయాడు. లోయ చిట్టచివర, వాగు పక్కన, కోళ్ళని పెట్టుకుని ఒంటరిగా ఉంటోంది. మా వైపు ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక తుపాకీ ఉంటుంది గానీ, హోబర్ట్ పోయినప్పుడు అతని వేట తుపాకీని ఆవిడే తన తమ్ముడికి ఇచ్చేసింది. ఇంట్లో ఉంటే దాని మీద దుమ్ము తుడవడం తప్ప తనకేం పని అని అప్పట్లో నాతోనే అంది. అలాంటి మనిషి వచ్చి తుపాకీ అడిగితే, ఎందుకని నేను అడగలేదు. లోయలో అందరికీ తెలిసిన సంగతే.

వాగుకి అవతల గుట్ట కింద ఉన్న పొలాన్ని రెండేళ్ళ క్రితం రోలండ్ కీన్ అనే మనిషి కొన్నాడు. ఎక్కడో ఫ్యాక్టరీలో పనిచేసి మానేశాడట. పెళ్ళాంబిడ్డల ఊసు లేదు. ఆ గుట్ట మీదే ప్రిట్ కుటుంబం శ్మశానం ఉంది. హోబర్ట్ ఉన్నది అక్కడే. పుట్టిన ఏడాదికే పోయిన వాళ్ళ పాప ఉన్నదీ అక్కడే. భూమి ఎవరి చేతికి పోయినా సమాధుల దగ్గరికి వెళ్ళే హక్కు సొంతవాళ్ళకి ఉంటుంది. అది కీన్‌కీ తెలుసు. కాదనలేదు కూడా. దారికి గేటు పెట్టి తాళం వేసి, వచ్చే ముందు తనకో మాట చెప్పమన్నాడు. మొగుడి దగ్గరికి వెళ్ళడానికి పరాయివాడి అనుమతి అడగనని చెప్పి, మిస్ జెల్లా కొడవలి పట్టుకుని ముళ్ళకంచె దాటి వెళ్ళడం మొదలుపెట్టింది.

అప్పుడతను గుట్ట వాలులో, సమాధుల కంచెకి కాస్త కిందగా, టార్గెట్లు నిలబెట్టాడు. ఆవిడ పైన గడ్డి కోస్తుంటే ఇంటి వరండాలో కూర్చుని కాల్చేవాడు. తూటా ఎప్పుడూ ఆవిడ దాకా రాలేదు. కిందనే మట్టిలో దిగేది. ఒకసారి మాత్రం ఆవిడ పెరట్లో తాడు మీద ఆరేసిన దుప్పటికి చిన్న గుండ్రటి కన్నం కనబడింది. షెరీఫ్ పంపిన పోలీసు మనిషి వచ్చి దాన్ని వెలుగుకి పట్టి చూసి, మేకుకి తగిలి చిరిగి ఉండొచ్చన్నాడు. ఎవరి భూమిలో వాళ్ళు కాల్చుకుంటే తామేం చేయలేమన్నాడు. దుప్పటి మడతపెట్టి ఆవిడ చేతికిచ్చి వెళ్ళిపోయాడు.

ఇదీ ఆవిడ నా కొట్టుకి రావడానికి ముందు జరిగింది.

ట్వంటీటూ రకం తుపాకీ తీసుకోమని చెప్పాను. మా వైపు అందరూ గురి నేర్చుకునేది దానితోనే. తూటా సన్నగా చిటికెన వేలిలో సగం ఉంటుంది, చవక, భుజానికి దెబ్బ తగలదు, చెవులు గింగురుమనవు. ముందు ఒక పిస్తోలు చూపించాను. చేతిలోకి తీసుకుని వెంటనే గల్లా మీద పెట్టేసింది. అది గిన్నె కింద దాచుకునే సామానులా ఉంది, వద్దంది. తర్వాత దానంతట అదే తూటా ఎక్కించుకునే రైఫిల్ ఒకటి ఇచ్చాను. కుర్రాళ్ళు దాన్నే అడుగుతారు, వేలు నొక్కుతూ ఉంటే పేలుతూనే ఉంటుంది. దాన్ని భుజానికి ఆనించి, దించి, తూటాలన్నీ గాలికి పోసుకోడానికి తనేం వెర్రిదాన్నా అంది. ఆడవాళ్ళ కోసమని గులాబీ రంగు వేసిన రైఫిల్ ఒకటి గోడకి వేలాడుతుంటే దానివైపు చూసి నావైపు చూసింది. నేను దాన్ని గోడ మీదే ఉండనిచ్చాను.

చివరికి ఎవరో మార్చుకుని పోయిన పాత బోల్టు రైఫిల్ తీశాను. ఒక్కో తూటాకీ గడియలాంటి బోల్టుని చేత్తో లాగి తోయాలి. కర్రంతా గీతలు పడిపోయింది గానీ గొట్టం లోపల శుభ్రంగా ఉంది. ఆవిడ దాన్ని కిటికీ వైపు తిప్పి, గొట్టంలోంచి వెలుగు చూసి, బోల్టు ముందుకీ వెనక్కీ ఆడించింది. కత్తిపీట బాగా తెగుతుందో లేదో చూసే మనిషి మొహం పెట్టింది.

"ఇది చాలు. దీని మీద దుర్భిణి కూడా బిగించు. నా కళ్ళు మునుపటిలా లేవు" అంది.

పేపర్లు నింపి, ప్రభుత్వం వాళ్ళ అనుమతి ఫోన్లో వచ్చాక, ఒక పెట్టె తూటాలతో చేతికిచ్చాను. గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగింది.

"ఎందుకని అడగవేం?"

"టార్గెట్‌కని చెప్పారు కదా మిస్ జెల్లా."

"చెప్పాను" అని వెళ్ళిపోయింది.

ఫైర్ స్టేషను వెనక పాత రాతి క్వారీలో మా క్లబ్బు వాళ్ళం శనివారాలు కాలుస్తాం. నేనే రమ్మన్నాను. ఒంటరిగా నేర్చుకోవడం కన్నా నా కళ్ళ ముందు నేర్చుకోవడం మేలనిపించింది. ముందుగా చెప్పాల్సింది చెప్పాను. కాల్చదలచుకోనిదాని వైపు గొట్టం తిప్పకూడదు, గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి రాకూడదు, దుర్భిణి ఉంది కదా అని దాంతో ఊరు చూడకూడదు. బుద్ధిగా వింది. వేసవి ముదిరేసరికి మా అందరికంటే బాగా కొట్టేది. ఊపిరి సగం వదిలి ఆగేది. ఆ ఆగడంలో ఆవిడ మొహం చూస్తే నాకెందుకో ఇబ్బందిగా ఉండేది. అంత నిశ్చలంగా ఉండేది.

సెప్టెంబరులో పెట్టిన పోటీలో బహుమతిగా పంది తొడ మాంసం గెలిచింది. అందరూ మెచ్చుకుంటుంటే జనం వెనకనుంచి కీన్ ముందుకొచ్చాడు. అతను క్వారీకి రావడం అదే మొదలు. పొడుగ్గా, నున్నగా గీసుకున్న గడ్డంతో, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని ఉన్నాడు. ఆవిడ కాల్చిన కాగితాన్ని తీసి, మధ్యలో కలిసిపోయిన కన్నాలని వేలితో తడిమాడు.

"బాగుంది. కానీ కాగితం తిరిగి కాల్చదు కదా మిస్ జెల్లా" అన్నాడు.

"ఊరికే నవ్వదు కూడా" అంది ఆవిడ.

అతను నవ్వుతూనే కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి తన జేబులో పెట్టుకున్నాడు. అది ఆవిడదని మాలో ఎవరో ఒకరం అడిగి వెనక్కి తీసుకోవాల్సింది.

ఆ తర్వాత నుంచి ఆవిడ క్వారీకి రావడం తగ్గించింది. ఇంటి వెనక మట్టిగట్టుకి కాగితాలు కొట్టి అక్కడే కాల్చడం మొదలుపెట్టింది. సాయంత్రం పూట వాగు ఇటువైపు ఉన్న మా పెరట్లో కూర్చుంటే వినబడేది. అవతల గుట్ట కింద టప్పుమనేది. కొంచెం సేపటికి ఇవతల టప్పుమనేది. మళ్ళీ అవతల. వాళ్ళు ఒకరి మాటకి ఒకరు బదులిచ్చుకుంటున్నట్టుండేది, తొందరేమీ లేకుండా. చర్చివాళ్ళు ఆవిడ ఇంటికి వెళ్ళడం మానేశారు. ఉత్తరాలు తెచ్చే మెరిడిత్, కింద మలుపు దగ్గరే డబ్బా పెట్టించుకోమని ఆవిడతో చెప్పేసింది. నా భార్య అయితే, ఏదో ఒక రోజు ఆ రెండో చప్పుడు రాదు, అప్పుడేం చేస్తాం అనేది. నేను ఒకసారి వెళ్ళి మాట్లాడబోయాను. ఆవిడ కాఫీ పోసి, కోళ్ళ సంగతి చెప్పి, నన్ను పంపేసింది.

అక్టోబరు చివర్లో, ఆకులన్నీ రాలి గుట్ట మీద సమాధి రాళ్ళు ఇంటినుంచే కనబడుతున్న రోజులవి. ఒక సాయంత్రం అవతలి చప్పుడు ఆగిపోయింది. ఇంకా వెలుతురుంది. అతనేం చేస్తున్నాడో ఆవిడకి అంతు పట్టలేదు. సమాధుల దగ్గరికి వెళ్ళాడేమోనని అనుమానం వచ్చింది. అటు చూడ్డానికి కళ్ళు ఆనక, రైఫిలెత్తి దుర్భిణిలోంచి చూసింది. గుట్ట మీద ఎవరూ లేరు. మెల్లగా కిందికి, వరండా వైపు దించింది. కీన్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అతని మొహంలో సగమే కనబడింది. మిగతా సగానికి అతని రైఫిల్ అడ్డంగా ఉంది. దాని మీది దుర్భిణి గాజు ఆవిడ వైపే తిరిగి ఉంది.

ఎంతసేపలా ఉన్నారో ఆవిడకి తెలియదు. కోడి ఒకటి కాళ్ళ దగ్గర గీకుతోందని, ఆ చప్పుడు చాలా పెద్దగా వినబడిందని నాతో చెప్పింది. ఊపిరి సగం వదిలి ఆగి ఉన్నానని అప్పుడు గమనించుకుందట. వేలు ట్రిగ్గర్ మీద ఉంది. రైఫిల్ దించి చూసుకుంటే, పేలకుండా ఆపే సేఫ్టీ తీసి ఉంది, లోపల తూటా ఉంది. ఆ తూటా ఎక్కించింది తనే. ఎప్పుడు ఎక్కించిందో మాత్రం ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదట.

మర్నాడు నేను కొట్టు తెరవకముందే వచ్చి మెట్ల మీద కూర్చుంది. కోటు జేబులోంచి గుడ్డలో చుట్టిన బోల్టు తీసి నా చేతిలో పెట్టింది. అది లేకపోతే రైఫిల్ ఉత్త కర్రే. జరిగింది చెప్పింది.

"ఆ మనిషికి భయపడి ఇవ్వట్లేదు నాయనా. రాత్రి నా చేతులు నేను చూసుకున్నాను. పిల్లలకి అన్నం పెట్టిన చేతులివి. నాకు చెప్పకుండా పని చేసుకుపోతున్నాయి" అంది.

షెరీఫ్‌కి చెబుదామన్నాను. ఏమని చెబుతావు, ఇద్దరం చూసుకున్నామనా అంది. బోల్టుని గల్లా కింద ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశాను.

అక్కడినుంచి తిన్నగా గుట్టకి వెళ్ళింది. నేనూ వస్తానంటే ఒప్పుకోలేదు. కంచె దాటకుండా, ఉత్త చేతుల్తో, గేటు ముందు నిలబడింది. కీన్ వరండా దిగి వచ్చాడు. చంకలో రైఫిల్ ఉంది, గొట్టం నేలకి ఉంది. ఆ పొద్దున అతను గడ్డం గీసుకోలేదట. గేటుకి అవతల నిలబడి చాలాసేపు ఆవిడ చేతుల వైపే చూశాడు.

"నిన్న సేఫ్టీ తీశారా?" అని అడిగాడు.

"తీశాను."

"నేనూ తీశాను."

జేబులోంచి తాళంచెవి తీసి గేటు తెరిచాడు. తాళాన్ని మళ్ళీ వెయ్యలేదు, గడ్డిలో పడేశాడు. ఆవిడ అతని పక్కనుంచే నడిచి పైకి వెళ్ళింది. వెళ్తున్నంతసేపూ వీపు మీద చర్మం ముడుచుకుపోయి, మళ్ళీ సాగలేదని చెప్పింది. హోబర్ట్ రాయి మీద ఆకులు చేత్తో తుడిచి, పాప రాయి మీదివీ తుడిచి దిగివచ్చేసరికి అతను లోపలికి వెళ్ళిపోయాడు. తలుపు వేసి ఉంది.

ఆ రోజునుంచి రెండు వైపులా చప్పుడు లేదు. కీన్ ఊరు వదిలి పోలేదు. టార్గెట్లు అలాగే వానకి తడిసి కుళ్ళిపోయాయి. మా కొట్టుకి ఒకసారి వచ్చి కిటికీకి గాజు పలక కొనుక్కుని వెళ్ళాడు. మే నెలలో సమాధులకి పూలు పెట్టే ఆదివారం మేమందరం ఆవిడతో గుట్ట ఎక్కాం. అతని ఇంటి కిటికీ తెర కొంచెం పక్కకి జరిగి ఉంది. పాటలు పాడినంతసేపూ అలాగే ఉంది.

దిగేటప్పుడు, ఇప్పుడు మనసు కుదుటపడిందా అని అడిగాను. నా భుజం పట్టుకుని రాళ్ళు చూసుకుని నడుస్తూ చెప్పింది.

"కుదుటపడటం కాదు లోవెల్. ఎవరూ చూడకూడనిది నేను అతనిలో చూశాను, అతను నాలో చూశాడు. ఇంక ఒకరికొకరం పరాయివాళ్ళం కాలేం."

ఈ చలికాలం కూడా ఆవిడ అక్కడే ఉంది. పొద్దున్నే లేచి, కోళ్ళకి గింజలు వెయ్యడానికి ముందు, వాగు ఒడ్డున నిలబడి అవతలి పొగగొట్టం వైపు చూస్తుంది. పొగ లేస్తే లోపలికి వస్తుంది. ఒక్కోరోజు ఆలస్యమైతే, లేచేదాకా అక్కడే నిలబడి ఉంటుంది.