డ్రాయింగు సారు గోడ

మా డ్రాయింగు సారు కోదాడలో కూతురి ఇంట్లో కన్నుమూశారన్న కబురు అందేసరికి నేను మిర్యాలగూడలో ఒక రైసు మిల్లు గేటు ముందు కరపత్రాలు పంచుతున్నాను. కట్ట ఇంకా సగం చేతిలోనే ఉంది. పక్కనున్న హమాలీ అన్న నా మొహం చూసి, "ఏమైందే తమ్మీ, దగ్గరోళ్లా?" అన్నాడు. బళ్లో రెండేళ్లు నాతో బొమ్మలు గీయించి, ఆ తరువాత పదేళ్లు తిట్టిన మనిషిని ఏమనాలో తోచలేదు. "దగ్గరోళ్లే అన్నా" అని బస్సెక్కాను.

సూర్యాపేటలో మా వీధివాళ్లకు ఆయన గోడ గురించి చెప్పనక్కర్లేదు. మిగతావాళ్ల కోసం చెబుతాను. సారు ఇంటికి వీధివైపు పొడవాటి ప్రహరీ ఉంది. ప్రతి ఎన్నికలకూ దాని మీద ఒకే ఒక వ్యంగ్య చిత్రం వేసేవారు. ఏ పార్టీవాళ్లూ ఆ గోడ మీద తమ గుర్తు రాసేవారు కాదు. రాయొద్దని వాళ్లకెవరూ చెప్పలేదు కూడా. ప్రచారం మొదలైందంటే చాలు, జీపుల్లో తిరిగేవాళ్లే ముందు అక్కడ ఆగి, ఈసారి దొరికింది తమవాడా, అవతలివాడా అని చూసుకుని పోయేవారు.

పాత బొమ్మలన్నీ ఎప్పుడో సున్నం కింద కలిసిపోయాయి. అయితే ప్రతి బొమ్మనూ ఆయన ముందు ఖాకీ కాగితం మీద గీసేవారు. గీతల వెంట సూదితో పొడిచి, కాగితాన్ని గోడకు ఆనించి, బొగ్గుపొడి కట్టిన చిన్న మూటతో అద్దేవారు. గోడ మీద పడ్డ చుక్కల వెంట కుంచె నడిచేది. ఆ కాగితాలను చుట్టలు చుట్టి దాచారు. బడి వదిలాక నేను ఆయనింటికి పోయింది వాటి కోసమే. సాసర్లో చాయ్ ఊదుకుంటూ ఒక్కొక్కటీ విప్పి చూపేవారు. ఒకదాంట్లో జీపు కంటే మైకు పెద్దది, అభ్యర్థి ఆ మైకు వైరు పట్టుకుని గాలిలో వేలాడుతుంటాడు. ఇంకోదాంట్లో సాగర్ కాలువ చివరి పొలాల దగ్గర ఒక నాయకుడు ఎండిన కాలువలో చెంబుతో నీళ్లు పోస్తుంటాడు, ఫొటోగ్రాఫరేమో ఇంకాస్త వంగమంటుంటాడు. అవన్నీ నేను పుట్టకముందటి ఎన్నికలు. ఆ నాయకులెవరో నాకు తెలియదు. అయినా నవ్వు ఆగదు. ఇది రాస్తుంటే కూడా వచ్చింది.

సారు కుడిచెయ్యి వణకడం మొదలైన ఏడాదే మున్సిపల్ ఎన్నికలు వచ్చాయి. గోడ నాకివ్వమన్నాను. నిజానికి అది నాదేనని అప్పటికే అనుకున్నాను. వ్యంగ్యం గురించి దొరికిన ప్రతి కరపత్రమూ చదివినవాణ్ణి కదా. ఎవరూ గీయకపోతే ఆ ఎన్నికలకు గోడ మొదటిసారి ఖాళీగా ఉంటుంది. ఖాళీగా కనిపిస్తే ఎవడో ఒకడు తన గుర్తు రాసేస్తాడు. అంతటితో ఖతం. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు.

మా వార్డులో మళ్లీ నిలబడ్డది ఒక మిల్లు ఆసామి. వీధికి మురుగు పోయే మోరీ కట్టిస్తానని మూడుసార్లు మాటిచ్చి, మూడుసార్లూ శంకుస్థాపన రాయి మాత్రం పాతి వెళ్లాడు. ఆయన ఎడమకాలు చిన్నప్పటి నుంచీ కాస్త ఈడుస్తాడు. నేను పట్టుకున్నది ఆ కాలినే. వంకర కాలు, వంకర నడక, పైన వంకర పాలన అని పేరు. రెండు రోజులు కష్టపడి గీసి తీసుకుపోయాను.

సారు కాగితాన్ని నేల మీద పరిచి చూశారు.

"కాలు మంచిగ గీసినవ్ రా. మోరీ కట్టనిది గా కాలా?"

నేను కాగితం చుట్టబోతే సారు దాని మీద చెయ్యి పెట్టి ఆపారు.

"కాలు ఏం తప్పు జేసింది? మాట తప్పింది నోరు గద. నోటి మీద గియ్యి."

నాకు ఒళ్లు మండింది. "మీరు గాయనకు భయపడుతున్రు సారూ! వ్యంగ్యమంటే ఆయుధం. ఆయుధానికి మర్యాదలేంది?"

"ఆయుధమే. అందుకే జర గురి సూసుకోమంటున్న. గిట్లయితే గోడ ఇయ్యను, పో. రేపు చాయ్‌కి రా."

చాయ్‌కి పోలేదు. నాలుగు రోజులు సారు ఇంటివైపు పోకుండా వీధి ఈ చివర నుంచే తిరిగిపోయాను.

అయిదో రోజు వాన పడి మురుగు పొంగింది. దాటబోతూ కిందికి చూస్తే, నేను నిలబడ్డది శంకుస్థాపన రాయి మీద. మా వీధి ఆడవాళ్లు ఆ మూడు రాళ్లనూ ఎప్పుడో పెకలించి, మురుగు దాటడానికి వరసగా పరుచుకున్నారు. రోజూ వాటి మీదే నడుస్తూ నేను చూడలేదు! ఇంటికి పోయి ఒక్క పూటలో గీశాను. ఆసామి పంచె ఎగగట్టి, మూడు శిలాఫలకాల మీద అడుగులేస్తూ మురుగు దాటుతుంటాడు. చంకలో నాలుగోది. ఈసారి కాళ్లు రెండూ చక్కగా ఉన్నాయి.

సారు చూశారు. చెప్పులేసుకుని, "పద, ఆయనింటికి" అన్నారు.

అది ఆయన పద్ధతి. ఎవరి మీద గీస్తే ముందు వాళ్లింటికే తీసుకుపోయి చూపాలి. అనుమతి కోసం కాదు. "ఇంట్లోళ్లల్ల ఒక్కరన్న నవ్విన్రంటే బొమ్మల నిజమున్నట్టు. ఎవ్వరు నవ్వలేదంటే మన కోపమే ఉన్నట్టు" అనేవారు.

ఆసామి తల్లి వరండాలో మంచం మీద కూర్చుని ఉంది. కాగితాన్ని కళ్లద్దాల దగ్గరికి తెచ్చుకుంది.

"ఎవరు సారూ, మావోడేనా?"

"నువ్వే సెప్పాలె అవ్వా."

చూసింది, చూసింది, బొమ్మ చంక మీద వేలు పెట్టింది. "వారీ! ఇంకోటి సంకల వెట్టుకొని పోతున్నడే!" అని దగ్గు వచ్చేదాకా నవ్వింది. తరువాత లోపలికి కేకేసింది: "ఒరేయ్, గీడికి రా! నిన్ను మంచిగనే పట్టిన్రు!"

ఆసామి వచ్చి చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. వెనకున్న కార్యకర్త కాగితం లాక్కోబోతే "ఆగరా" అన్నాడు. బొమ్మలో తన కాళ్ల దగ్గర ఆయన చూపు కాసేపు నిలిచింది.

"గీసుకోండి సారూ. మీసం జర దట్టంగ పెట్టమనుండ్రి పిలగాన్ని."

గేటు దాటాక సారు బొగ్గుపొడి మూట నా చేతిలో పెట్టారు. "ఇగ గోడ నీది. మీసం మర్చిపోకు."

ఆసామి గెలిచాడు. ఫలితాలు వచ్చిన మర్నాడు పొద్దున్నే సారు నాతో గోడకు సున్నం కొట్టించారు. ఇంకొన్నాళ్లు ఉంచుదామన్నాను. "ఎలక్షన్లు అయిపోయినయ్. ఇగ ఆయన గీ తోవల రోజు నడవాలె గద రా" అన్నారు. మోరీ వీధి సగం దాకా వచ్చింది. మిగతా సగం కోసం నేను గొడవ పడుతూనే ఉన్నాను. నాకు కోపమేమీ తగ్గలేదు. గీసేముందు మాత్రం కాలా, నోరా అని ఒకసారి చూసుకుంటాను.

కోదాడలో అన్నీ అయ్యాక సారు కూతురు నన్ను పక్కకు పిలిచింది. గోడ సంగతి అడగాలనుకున్నాను. ఆమే అంది: "సూర్యాపేట ఇల్లు కిరాయికి ఇమ్మన్నారు తమ్ముడూ నాన్న. గోడ మాత్రం కిరాయిలో లేదని ముందే చెప్పమన్నారు. వచ్చేవాళ్లకి చెప్పేశాను."

నిన్న ఆ గోడ దగ్గరికి పోయాను. గోడ తెల్లగా, ఖాళీగా ఉంది. కూరగాయల సంచీతో వస్తున్న ఒక పెద్దమ్మ నా పక్కన ఆగింది.

"ఈసారి ఎవరు బిడ్డా?"

"ఎలక్షన్లు ఇంకా రాలే పెద్దమ్మా."

"నాకెర్కలేదా?" అంది. అయినా వెంటనే కదల్లేదు. సంచీ చెయ్యి మార్చుకుని, ఆ తెల్లటి గోడను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకుంటూ వెళ్లిపోయింది.